గేదె వట్టిపోయినా వాయిదా ఆగదు

మా ఊళ్లో డ్వాక్రా లోను వస్తే చాలామంది అమ్మలు ముందు కొనేది పాడి గేదెనే. తెల్లారకముందే పితికి పాలకేంద్రంలో పోస్తే ఫ్యాట్ చూసి చీటీ ఇస్తారు. ఆ పాల డబ్బులతోనే పిల్లల ఫీజులు, బ్యాంకు వాయిదాలు గడుస్తాయి.

కానీ గేదె వట్టిపోతే మళ్లీ ఈనేదాకా నెలల తరబడి చుక్క పాలుండవు. దాణా ఖర్చు, వాయిదా మాత్రం ఆగవు. వడ్డీ వ్యాపారి గడపో, మైక్రోఫైనాన్స్ కంపెనీ గడపో తొక్కేది అప్పుడే. ఆ కంపెనీల వసూళ్ల వేధింపులు భరించలేనంతగా ముదిరి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన సంగతి మరిచిపోకూడదు.

డ్వాక్రా సంఘం లీడర్లకు నా మనవి: లోను ఇప్పించేటప్పుడే పశువుకు బీమా చేయించండి. పాలున్న నెలల్లో ఎక్కువ, వట్టిపోయిన నెలల్లో తక్కువ కట్టేలా బ్యాంకుతో మాట్లాడండి. అప్పుడే ఆ అప్పు ఇంటికి అక్కరకొస్తుంది.