పాత మిలటరీ బండిలో లంబసింగి మీదుగా



విశాఖ మన్యము అనగానే మనలో చాలామందికి శీతాకాలపు మంచు, కాఫీ తోటలు, అరకు రైలు గుర్తుకు వస్తాయి. వర్షాకాలములో ఆ కొండల మీద బ్రతుకు ఎలా సాగుతుందో చూసినవారు తక్కువ. తారురోడ్డు ఆగిన చోట ఎర్రమట్టి దారి మొదలవుతుంది. అక్కడి నుండి బియ్యమైనా, మందులైనా చక్రము తిరిగితే బండి మీద వెళ్తాయి, తిరగకపోతే మనుష్యుల భుజాల మీద వెళ్తాయి. రోగి సంగతీ అంతే.

మొన్నటి వర్షాకాలము చివరి రోజులలో ఒక వైద్య శిబిరము నిమిత్తము మందులు, దుప్పట్లు తీసుకొని మేము ఆరుగురము ఒక పాత మిలటరీ ట్రక్కులో నర్సీపట్నము నుండి లంబసింగి, చింతపల్లి మీదుగా లోపలి గ్రామాలకు వెళ్లాము. దారిలో చూసిన సంగతులు, ఆ బండిని గూర్చి తెలుసుకొన్న సంగతులు ఈ నెల మీ ముందుంచుతున్నాము. బండి ఉన్నవారికి ఇవి పనికివస్తాయి. లేనివారు కూడా ఇటువంటి బండి ఎక్కేముందు ఏమి చూడవలెనో తెలుసుకొందురు.

బండి, దాని యజమాని

సైన్యము వాడి పక్కన పెట్టిన వాహనాలను వేలము వేస్తుంది. మన దేశములో అలా బయటకు వచ్చిన పాత బండ్లలో మూడు పేర్లు ఎక్కువగా వినబడతాయి: జర్మనీలోని మాన్ కంపెనీ లైసెన్సుతో తయారైన శక్తిమాన్ లారీ, జపానులోని నిస్సాన్ లైసెన్సుతో తయారైన జోంగా, అదే నిస్సాన్ వారి ఒక టన్ను ట్రక్కు. మూడూ జబల్పూరు సైనిక కర్మాగారాలలో తయారైనవే. జోంగా తయారీ 1999లో ఆగిపోయింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలము అందుతుంది గనుక ఇవి కొండ ప్రాంతాలలో, ఎస్టేట్లలో నేటికీ పని చేస్తున్నాయి.

మేము ఎక్కినది ఒక టన్ను నిస్సాన్. దాని యజమాని సైన్యములో హవల్దారుగా పని చేసి వచ్చినవారు. వారి స్వగ్రామము పశ్చిమ గోదావరిలో ఇంటింటా సైనికులున్న ఊరుగా పేరుపొందిన మిలటరీ మాధవరము. మొదట అందులో ఉన్నది ఆరు సిలిండర్ల, నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. పెట్రోలు తాగుడు భరించలేక పాత యజమాని డీజిలు ఇంజను వేయించి, ఆ మార్పును రవాణా శాఖ కాగితాలలో ఎక్కించుకొన్నారట. ఈ మాట ముఖ్యము. మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము బండిని తయారుచేసిన వారి కొలతలకు విరుద్ధముగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగా చెప్పింది. ఇంజను మార్చదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవలెను. కాగితము లేని మార్పు ప్రమాదము జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర కూడా అడ్డుపడుతుంది.

టైర్ల దగ్గర జరిగిన వాదన

మేము బయలుదేరక ముందు రోజు నర్సీపట్నములో బండికి కొత్త టైర్లు వేయించుచున్నారు. హవల్దారు గారి అబ్బాయికి పెద్ద టైర్ల మీద మనసు. ఫోటోలలో చూసిన బండ్లవలె ఎత్తుగా, వెడల్పుగా ఉండాలని అతని కోరిక.

మేస్త్రీ కొలత టేపు తీసి చక్రము ఎత్తు కొలిచాడు. "ఒరే బాబూ, ఇది 32 అంగుళాలు. నువ్వు చెప్పేది 36. ఏమి మారుతుందో చెప్పనా?"

"చెప్పు బాబాయ్, ఇంకా బాగా ఎక్కుతుంది కదా?" అన్నాడు అబ్బాయి.

"ఎక్కదు. చక్రము పెద్దదయితే గేరు బరువెక్కినట్టే. నేలను తోసే బలము తొమ్మిదో వంతు తగ్గిపోతుంది. బ్రేకు పట్టు కూడా అంతే తగ్గుతుంది. మీటరు 40 చూపిస్తుంటే బండి 45లో పోతుంటుంది. స్టీరింగు తిప్పలేక నీ భుజాలు పడిపోతాయి. పూర్తిగా తిప్పితే టైరు స్ప్రింగుకు రాసుకుంటుంది. అప్పుడు స్టీరింగు మార్చాలంటావు, ఆ తరువాత బ్రేకులు, ఆ తరువాత యాక్సిల్ షాఫ్టు. ఒకటి పెంచితే నాలుగు పెంచాలి. ఎందుకొచ్చిన తంటా?"

హవల్దారు గారు నవ్వి మాతో అన్నారు: "అయ్యగారూ, సైన్యములో కూడా మాకు ఇదే నేర్పారు. బండిలో అన్నిటికన్నా బలహీనమైనది ఏదో ముందు చూడమనేవారు."

చివరకు కంపెనీ ఇచ్చిన కొలతలోనే లోతైన గాడులున్న లగ్ టైర్లు వేశారు. ఎందుకు అని మేము అడిగినప్పుడు మేస్త్రీ నేలను గూర్చి చెప్పాడు. మన్యములో ఎర్రమట్టి పైన జారుడు, కింద గట్టి రాయి. అక్కడ సన్నని టైరు బురదను కోసుకొని గట్టి నేలను అందుకొంటుంది. వెడల్పు టైరు బురద మీదనే తేలి పక్కకు జారుతుంది. సముద్రపు ఇసుకలో దీనికి వ్యతిరేకము. బాపట్ల, చీరాల తీరములో తిరిగే బండికి వెడల్పే మేలు. గనుక మంచి టైరు ఏది అని అడిగే ముందు ఏ నేల మీదికి అని అడుగవలెను.

టైరు మీది గాడులకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యపు జీపులకు, రెండున్నర టన్నుల ట్రక్కులకు ముందుకైనా వెనుకకైనా ఒకే విధముగా పట్టే టైర్లు వేశారు. ఏ చక్రమును ఏ పక్కకైనా బిగించవచ్చును. యుద్ధములో అది సౌకర్యము. అయితే జిగట బురదలో వాటి గాడులు పూడిపోయి టైరు నున్నగా అవుతుంది. పక్కలకు తెరచిన లగ్ టైరు తిరుగుతూనే మట్టిని విదిలించుకొంటుంది. తారురోడ్డు మీద మాత్రము అది రొద చేస్తుంది, త్వరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. రోజూ తారు మీద తిరిగి నెలకొకసారి మట్టిలోకి దిగే బండికి అది తగదు.

మేస్త్రీ చెప్పిన మరి మూడు జాగ్రత్తలు ఇవి.

మొదటిది, నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే కంపెనీ, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండవలెను. ఇటువంటి పాత బండ్లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు వెనుకలు బిగిసి ఒకటిగా తిరుగుతాయి. ఒక టైరు పెద్దది, ఒకటి చిన్నది అయితే ఆ తేడా అంతా గేర్ల మీద పడి అవి విరుగుతాయి. అందుకే గట్టి తారు మీద ఫోర్ వీల్ తీసివేయవలెను. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండవలెను.

రెండవది, వేలములో చవకగా దొరికే పాత టైర్ల గాడులు చూసి మోసపోకూడదు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. మూడే అంకెలుంటే 2000కు ముందుది. గాడులు కొత్తగా ఉన్నా రబ్బరు ముసలిదైపోయి పక్కలు బీటలు వారి ఉంటే బరువు మీద, వేడికి పగులుతుంది.

మూడవది, లాక్ రింగు ఉన్న చక్రాలకు గాలి నింపేటప్పుడు ఎవరూ ఎదురుగా నిలువకూడదు. రింగు సరిగా కూర్చోకపోతే గాలి ఒత్తిడికి ఎగిరి మనిషి ప్రాణము తీస్తుంది. ఇనుప పంజరములో ఉంచి గాని, గొలుసుతో కట్టి గాని, దూరము నుండి నింపవలెను. ఆ మేస్త్రీ గాలి పట్టుచుండగా పిల్లలను అందరినీ రోడ్డు అవతలికి పంపించాడు.

ఘాట్ ఎక్కుట

డౌనూరు దాటిన తరువాత ఘాట్ మొదలయింది. ఈ దారికి పెద్ద చరిత్ర ఉన్నది. బ్రిటిషు వారి కాలములో నర్సీపట్నము నుండి చింతపల్లి వైపు రోడ్డు వేయించుటకు గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాసుల చేత సరైన కూలి లేకుండా బలవంతముగా పని చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమయినది. 1922 ఆగష్టులో ఆయన మనుష్యులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరుసగా ముట్టడించి తుపాకులు తీసుకొనిపోయారు. మనము హాయిగా ఎక్కి వెళ్లే ఆ మలుపులను కొట్టినవారి చెమటకు ధర రాలేదన్న సంగతి తలచుకొనవలసినది. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పాడేరు దానికి కేంద్రము.

లంబసింగిలో మబ్బులు రోడ్డు మీదనే కూర్చున్నాయి. శీతాకాలములో ఇక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. రాత్రి బయట ఉన్నవాడు కొయ్యవలె బిగుసుకుపోతాడని దీనిని కొర్రబయలు అని కూడా అంటారు. దారి పక్కన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకొన్న మిరియపు తీగెలు, కింద కాఫీ మొక్కలు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. చింతపల్లి సంతలో పసుపు, రాజ్మా, అల్లము రాశులు పోసి ఉన్నాయి. బగత, కొండదొర, కోందు కుటుంబాలవారు తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, తలల మీద మోసి తెచ్చిన పంట అది.

మట్టిదారిలో

చింతపల్లి దాటి తారు ముగియగానే హవల్దారు గారు బండి ఆపి నాలుగు టైర్లలో గాలి తగ్గించారు. 45 పౌండ్లున్నది 25కు తెచ్చారు. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరచుకొని ఎక్కువ చోటును పట్టుకొంటుంది. రాయి తగిలినప్పుడు లొంగుతుంది, కుదుపు తగ్గుతుంది. అయితే ఈ అంకెలు ఆ బండికి, ఆ బరువుకు మాత్రమే. మరీ తగ్గిస్తే టైరు చక్రము మీద జారి ట్యూబు మెడ తెగిపోతుంది. గాలి తక్కువున్నప్పుడు వేగము కూడదు. తిరిగి తారు ఎక్కగానే గాలి నింపవలెను. అందుకని బండిలో ఒక పంపు, గాలి చూసే మీటరు తప్పక ఉండవలెను. ఖరీదైన సామాన్లన్నిటికన్నా ఈ రెండిటివల్లనే మాకు ఎక్కువ మేలు కలిగినది.

వాగు వచ్చిన చోట ఆయన ముందు తాను కర్ర పట్టుకొని నడిచి అవతలికి వెళ్లి వచ్చారు. నీరు మోకాలు దాటలేదని, అడుగున రాయి ఉన్నదని చూసుకొన్న తరువాతనే బండి దించారు. ఒడ్డెక్కిన తరువాత కొంతదూరము బ్రేకు మెల్లగా అదుముతూ నడిపారు. తడిసిన డ్రమ్ముల బ్రేకులు అలా ఆరితే గాని పట్టవు.

తిరిగి వచ్చే దారిలో

మూడవ రోజు శిబిరము ముగించుకొని వస్తుండగా, మట్టిదారి మొదట్లో నలుగురు మనుష్యులు డోలీ దించుకొని నిలబడి ఉన్నారు. కొండ మీది ఊరి నుండి నిండు చూలాలిని కర్రకు దుప్పటి కట్టి మోసుకొని వచ్చారు. ఆమె అత్తగారు బండికి ఎదురువచ్చి, "బాబూ, ఆసుపత్రి దాకా దింపుతారా?" అని అడిగింది.

"ఎక్కించమ్మా" అన్నారు హవల్దారు గారు.

మిగిలిన దుప్పట్లన్నీ బండి అడుగున పరిచాము. ఖాళీ ట్రక్కు స్ప్రింగులు గట్టిగా ఉండి ఎగురుతుంది గనుక ఆయన మమ్మును అందరినీ వెనుకనే కూర్చోమన్నారు, డోలీ మోసినవారిని కూడా ఎక్కించుకొన్నారు. టైర్లలో మరి కొంచెము గాలి వదిలారు. అక్కడ ఒక నిటారు దిగుడు ఉన్నది, వాన పడి సబ్బువలె జారుతోంది. ఆయన న్యూట్రల్ వేయలేదు, బ్రేకు మీద నిలబడలేదు. అన్నిటికన్నా చిన్న గేరులో ఫోర్ వీల్ వేసి, ఇంజనునే పట్టుగా చేసుకొని దింపారు. బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా దిగినది. వెనుక మేమెవరమూ మాట్లాడలేదు. ఆమె అత్తగారి చేయి పట్టుకొని కళ్లు మూసుకొన్నది.

చీకటి పడకముందు చింతపల్లి ప్రభుత్వ ఆసుపత్రికి చేరాము. ఆ రాత్రి ఆమెకు ఆడపిల్ల పుట్టినదని, తల్లీ బిడ్డా క్షేమమని మరునాడు తెలిసినది.

ఆ దిగుడులో 36 అంగుళాల చక్రాలతో, తగ్గిన బ్రేకులతో ఉండి ఉంటే ఏమయ్యేదోనని హవల్దారు గారి అబ్బాయి తానే అన్నాడు. గనుక పాత బండిని బాగుచేయించుకొనేవారికి మా మనవి ఇది. ముందుగా బ్రేకుల మీద ఖర్చు పెట్టండి. చాలా పాత బండ్లలో బ్రేకు గొట్టము ఒకటే వరుస, ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకూ పట్టు పోతుంది. ఆ రబ్బరు గొట్టాలు, సిలిండర్లు కొత్తవి వేయించండి. తరువాత స్టీరింగు కీళ్లు, చక్రపు బేరింగులు చూడండి. ఆ తరువాత కంపెనీ కొలతలో, మీ నేలకు తగిన కొత్త టైర్లు. పిమ్మట ముందు వెనుకల గట్టి కొక్కెములు, తాడు, రెండు చెక్కపలకలు, పార, జాకీ కింద పెట్టుటకు వెడల్పయిన దిమ్మ. విన్చి, పెద్ద దీపాలు, రంగులు వీటన్నిటి తరువాతనే.

ఇంత చేసినా డబ్బు మిగిలితే, దానిని డీజిలుకు ఉంచండి. వానాకాలములో ఆ దారి మొదట్లో ఎవరో ఒకరు డోలీ దించుకొని బండి కోసము చూస్తుంటారు.