యాప్‌లో తప్పు తేదీ ఎట్ల పడిందంటే

పోయిన నెల మన స్కాలర్‌షిప్ యాప్‌లో హాస్టల్ సీటు దరఖాస్తు ఆఖరు తేదీ తప్పుగా పడింది. ఆ రోజు "ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్" అని ఒక మెసేజ్ పెట్టి ఊరకున్నాం. అది సరి కాదు. తప్పు మాది. ఎట్ల జరిగిందో మొత్తం రాస్తున్నాం, కొంచెం పొడుగే. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్ళకు పనికొస్తుంది, చదవనివాళ్ళకు కూడా అర్థమయ్యేట్లు రాసేదానికి చూసినాం.

మేము నలుగురం, కుప్పంలో ఒకే రూము. ఇద్దరివి పుంగనూరు, మదనపల్లె దిక్కు తండాలు, ఒకరిది కుప్పం పక్కనే ఎరుకల కాలనీ, ఇంకొకరు యానాది. యాప్ కోడ్ మార్చిన ప్రతిసారీ దాన్ని బిల్డ్ చేసి, టెస్ట్ చేసి, ఫోన్లకు పంపేంత వరకు చేతితో చేస్తే రెండు గంటలు పోతుంది. అందుకని జెన్కిన్స్ పెట్టుకున్నాం. కోసుకే కవాగుచి అనే జపాన్ ఇంజనీరు సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసేటప్పుడు హడ్సన్ అనే పేరుతో మొదలుపెట్టింది ఇది. 2011లో ఒరాకిల్‌తో పేరు మీద పేచీ వచ్చి జెన్కిన్స్ అయింది. ఉచితం. మాకు కావాల్సింది అదే.

మెషిన్లు మూడు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న పాత డెస్క్‌టాప్, 4 జీబీ ల్యాప్‌టాప్ ఒకటి, 16 జీబీ ల్యాప్‌టాప్ ఒకటి. డెస్క్‌టాప్ మేస్త్రీ మాదిరి: ఏ పని ఏ మెషిన్‌కు ఇయ్యాలో చూస్తుంది. తక్కిన రెండూ ఏజెంట్లు. పాత పీడీఎఫ్ నోట్సులో వీటిని 'స్లేవ్' అని, డెస్క్‌టాప్‌ను 'మాస్టర్' అని రాసుంటే మాలో ఒకామె అక్కడే ఆపేసింది, "ఇదేం పేరు?" అని. 2016లో 2.0 వచ్చినప్పుడే 'ఏజెంట్' అని మార్చినారు, మాస్టర్ పోయి కంట్రోలర్ కావడానికి ఇంకో నాలుగైదేళ్ళు పట్టింది. మన పిల్లలకు ఆ పాత నోట్సు ఇంకా తిరుగుతానే ఉంది.

మొదటి తిప్పలు: యాండ్రాయిడ్ ఎస్‌డీకే ఉండేది పెద్ద ల్యాప్‌టాప్‌లోనే. మేము ఏమీ చెప్పకపోతే జెన్కిన్స్‌కు అది తెలీదు. యాప్ బిల్డ్‌ను తీసుకుపోయి చిన్న ల్యాప్‌టాప్‌కు ఇచ్చేది, అది ఎస్‌డీకే లేదని ఎర్రగా ఫెయిల్ అయ్యేది. అప్పుడు లేబుల్ సంగతి తెలిసింది. మెషిన్‌కు 'యాండ్రాయిడ్' అని లేబుల్ తగిలించి, ఈ జాబ్ ఆ లేబుల్ ఉండేచోటే నడవాలని చెప్పాల. లేబుల్ లేని జాబులు వచ్చి ఆ మెషిన్ మీద కూర్చోకుండా ఇంకో సెట్టింగు కూడా ఉంది. ఇక్కడ లేబుల్ అంటే ఆ మెషిన్‌కు ఏం చేతనవుతుందో చెప్పేది. కాలేజీలో మనకు తగిలించే లేబుల్ వేరే రకం, అది మీకు చెప్పాల్సిన పని లేదు.

దీంట్లో ఒక చిక్కుంది. పెద్ద ల్యాప్‌టాప్ శుక్రవారం సాయంత్రం వి.కోట, పలమనేరు మీదుగా మదనపల్లె బస్సెక్కి తండాకు పోతుంది. అప్పుడు జాబ్ ఫెయిల్ కాదు, క్యూలో అట్లే కూర్చుంటుంది, సోమవారం దాకా.

ఇప్పుడు అసలు తప్పు. ఒక్కో జాబ్‌కు జెన్కిన్స్ ఏజెంట్ మీద ఒక ఫోల్డర్ ఇస్తుంది, దాన్ని వర్క్‌స్పేస్ అంటారు. కోడ్ అందులోకి దించుకుని అక్కడే బిల్డ్ చేస్తుంది. ఒకే జాబ్ ఒకేసారి రెండుసార్లు నడిస్తే రెండోదానికి పేరు చివర @2 అని పెట్టి వేరే ఫోల్డర్ ఇస్తుంది. ఆ జాగ్రత్త దానికుంది. పోయినసారి ఏ మెషిన్ మీద నడిచిందో వీలైతే మళ్ళీ అక్కడికే పంపుతుంది కూడా. ఫోల్డర్ ముందే ఉంటుంది కాబట్టి మారిన ఫైళ్ళు దించుకుంటే చాలు.

మాకు రెండు జాబులు: ఒకటి టెస్ట్, ఒకటి రిలీజ్. రెండూ ఒకే కోడ్, బ్రాంచ్ మాత్రం వేరు. టెస్ట్ బ్రాంచ్‌లో రిమైండర్ మోగుతుందో లేదో చూసేదానికి ఉత్తుత్తి తేదీలు పెట్టినాం. డిస్కులో జాగా లేదు, హాట్‌స్పాట్ డేటా అయిపోతా ఉంది, ఒకే కోడ్‌ను రెండుసార్లు ఎందుకు దించాలని 'కస్టమ్ వర్క్‌స్పేస్' టిక్కు పెట్టి రెండింటికీ ఒకే ఫోల్డర్ ఇచ్చేసినాం. మేము వాడింది ఫ్రీస్టైల్ జాబులు. వాటిలో కస్టమ్ అని మనం చెప్తే జెన్కిన్స్ తాళం వేయదు. వాళ్ళిష్టం అని వదిలేస్తుంది.

ఆ రాత్రి రిలీజ్ మొదలై మెయిన్ బ్రాంచ్ దించుకుంది. నిమిషం లోపలే అదే ఫోల్డర్‌లో టెస్ట్ మొదలై తన బ్రాంచ్ దించుకుంది. రిలీజ్‌కు ఆ సంగతి తెలీదు, ఫోల్డర్‌లో ఉన్నదాన్నే మూట కట్టింది. ఫలితం పచ్చగా, పాస్. లాగ్‌లో మెయిన్ బ్రాంచ్ అనే ఉంది, కమిట్ నంబరు కూడా సరైందే. లోపల మాత్రం ఉత్తుత్తి తేదీలు. ఎర్రగా ఫెయిలై ఉంటే బాగుండేది.

మూడు దినాల తర్వాత పుంగనూరు దగ్గర తండా నుంచి ఇంటర్ చదివే చెల్లెలు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసింది. "అన్నా, యాప్‌లో ఇంకా పదకొండు దినాలు ఉందని చూపిస్తాంది. మా ఫ్రెండేమో రేపే ఆఖరంటాంది." నోటిఫికేషన్ తీసి చూస్తే ఫ్రెండ్ చెప్పిందే నిజం. ఆమె కుల ధృవీకరణ పత్రం, ఆదాయం పత్రం ఇంట్లో ఉన్నాయి, స్కాన్ చేసేదానికి ఊర్లో ఏమీ లేదు. పొద్దున్నే వాళ్ళ మామ బండి మీద పుంగనూరు తీసుకుపోయినాడు. మధ్యాహ్నానికి అప్లై అయింది. ఆ పూట మేము నలుగురం క్లాసుకు పోలేదు, యాప్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తా కూర్చున్నాం. ఆ అమ్మాయి ఫోన్ చేయకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు.

మాలో ఒకరి నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో హమాలీ. ఆదివారం ఇంట్లో ఈ కథ చెప్తే ఆయన నవ్వలేదు. "ఇద్దరు రైతుల కాయ ఒకే చోట పోస్తే యాది ఎవురిదని చెప్తావురా? లాటుకు లాటు వేరేగా పెట్టల్ల గదా" అన్నాడు. కంప్యూటర్ ముట్టని మనిషి. మాకు రెండు రాత్రులు లాగులు చదివితే గానీ తెలీలేదు.

ఇప్పుడు కస్టమ్ టిక్కు తీసేసినాం, ఎవరి ఫోల్డర్ వాళ్ళదే. జాగా కోసం పాత సినిమాలు తుడిచేసినాం (ఒకడికి ఇంకా కోపం పోలేదు). పెద్ద ల్యాప్‌టాప్‌కు ఎగ్జిక్యూటర్ ఒకటే పెట్టినాం, అంటే ఒకసారి ఒకే పని. డెస్క్‌టాప్‌కు సున్నా, అది పని పంచడమే చేస్తుంది. ఉత్తుత్తి తేదీలన్నీ 2099కి మార్చినాం, మళ్ళీ తప్పిపోయి బయటికొచ్చినా ఎవరూ నమ్మకుండా. యాప్ అడుగున చిన్న అక్షరాల్లో బిల్డ్ నంబరు కనిపిస్తుంది. తేదీ మీద అనుమానం వస్తే ఆ నంబరు ఫొటో తీసి పంపండి.

శని, ఆదివారాల సమస్య అట్లే ఉంది. చిన్న ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచితే దాంట్లో కూడా ఎస్‌డీకే వేసి అదే లేబుల్ పెట్టొచ్చు. కుప్పం, వి.కోట, పలమనేరు దిక్కున ఎవరి దగ్గరైనా వాడని డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్, 8 జీబీది ఉంటే చెప్పండి. వచ్చి తీసుకుంటాం, ఎంతైతే అంత ఇస్తాం.