రంగు సూది

సూది నరం తప్పింది. పసుపు మందు చర్మం కిందికి పోయి, మోచేతి మడతలో పుట్టిన మంట మణికట్టు దాకా పాకింది. ఆ మందుకు క్షారగుణం ఉంటుందట. రక్తంలో పడితే పలచబడిపోతుంది గానీ కండలోకి పోతే ఊరుకోదు. నర్సమ్మ సూది లాగేసి, ఐసు పెట్టి, రెండో చేతికి మళ్లీ ఎక్కించింది. గడ్డం కెమెరా స్టాండు మీద ఆనించి కూర్చున్నాను. "కదలొద్దు పెద్దాయనా, రెప్ప వేయొద్దు" అంటూ నీలం మెరుపులు కొడుతున్నారు. ఇంతలో కడుపులో తిప్పి వాంతికొచ్చింది. బేసిన్ పట్టుకుని వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్లీ గడ్డం ఆనించాను. ఫొటోలు ఆపితే మళ్లీ సూది తప్పదన్నారు మరి.

అది 2018 వేసవి. సూర్యాపేటలో ఆర్టీసీ కండక్టరుగా చేసి అప్పటికే రిటైరయ్యాను. ఎడమ కంటితో చూస్తే కరెంటు స్తంభం నడిమిట్ల వంగి కనిపించింది, దాని మీద ఓ గోధుమరంగు మచ్చ. మావాడు హైదరాబాదు తీసుకెళ్లాడు. రెటీనా కింద రక్తం చిమ్మిందన్నారు.

పరీక్షయ్యాక ముఖం పసుపెక్కింది, మూత్రం ముదురు నారింజ రంగులో వచ్చింది. కామెర్లేమోనని మా ఆవిడ ఏడుపు. ఫ్లోరెసీన్ అనే ఆ పసుపు మందు మూత్రంలోంచే పోతుంది, ఒకట్రెండు రోజుల్లో మామూలవుతుంది. ఈ ఒక్క ముక్క సూదికి ముందు ఎవరూ చెప్పలేదు. నా ఫిర్యాదు అదొక్కటే.

ఇంత పడ్డాక వచ్చిన ఫొటోల్లో ఏముంది? మధ్యలో నల్లటి మచ్చ, చుట్టూ పొగ. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ రంగులు రక్తంలోకి వెళ్లగానే ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లను పట్టుకుంటాయి. ఫ్లోరెసీన్‌లో నూటికి ఎనభై పాళ్లే అలా అంటుకుంటుంది, మిగతా ఇరవై విడిగా తిరుగుతుంది. రెటీనా వెనక కోరాయిడ్ పొరలోని సన్నటి రక్తనాళాలకు సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. విడిగా ఉన్న రంగు వాటిలోంచి కారిపోయి అంతా మసకబారుస్తుంది. నాకు వెంటనే అర్థమైంది. బస్సులో కడ్డీ పట్టుకున్నవాళ్లు గమ్యం చేరతారు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లే దారిలో రాలతారు. పైగా చిమ్మిన రక్తం నీలం కాంతిని లోపలికి పోనివ్వదు. నల్లమచ్చ అందుకే.

అందుకని మరో రంగు ఎక్కించారు. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఈ ఆకుపచ్చ రంగు నూటికి 98 పాళ్లు ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది, అందుకే చాలావరకు నాళాల్లోనే నిలుస్తుంది. కంటికి కనపడని పరారుణ కాంతిలో, 830 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ఆ కాంతి పలచటి రక్తాన్నీ, కంటి వెనకున్న నల్లపొరనూ దాటి వస్తుంది. ఇందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అలర్జీ ఉందా అని అడిగి మరీ ఇచ్చారు. ఈసారి వాంతి లేదు, మూత్రం రంగు మారలేదు. లివరు దాన్ని రక్తంలోంచి నిమిషాల్లో లాగేసి పిత్తంలోకి పంపేస్తుందట. అరగంట దాకా తీసిన ఫొటోల్లో దొంగ దొరికాడు. కోరాయిడ్‌లో ఉబ్బిన నాళాల గుత్తి. జబ్బు పేరు పాలిపాయిడల్ కోరాయిడల్ వాస్క్యులోపతీ, మన ఆసియావాళ్లలో ఎక్కువట.

మావాడు ఫోన్లో చదివి వినిపించాడు. ఆకుపచ్చ రంగు కొడాక్ ఫొటో పరిశోధనల్లో పుట్టిందట. 1950లలో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు గుండె పనితీరు కొలవడానికి వాడారు. పసుపు రంగుతో కంటి ఫొటోలు తీసే పద్ధతిని 1961లో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ప్రచురించారు, తొలి సూది ఆల్విస్ చేతికే. వాళ్ల మీద కోపం పోయింది.

కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వాటితోపాటు వెర్టెపోర్ఫిన్ అనే ఇంకో రంగు మందు చేతికి ఎక్కించారు. ఇది చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం తిట్టుకునే ఎల్‌డీఎల్ రేణువుల మీద ఎక్కి, జబ్బునాళాల్లో ఎక్కువగా పోగవుతుంది. దాని మీద 83 సెకన్లు ఎర్ర లేజరు వేస్తే అక్కడే పనిచేసి ఆ నాళాన్ని మూసేస్తుంది. నొప్పి లేదు. కష్టమంతా తర్వాతే. మందు ఒంట్లో ఉన్నంతవరకు ఎండ తగిలితే చర్మం కాలుతుంది. అయిదు రోజులు బయటికి రావద్దన్నారు. మే నెల సూర్యాపేటలో రేకుల ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, కరెంటు పోయినప్పుడు తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాను. సూది మంట కంటే ఆ ఉక్కపోతే ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు స్తంభం దాదాపు నిటారుగానే ఉంది, మచ్చ మాత్రం కొంత మిగిలింది.

అప్పుడప్పుడు ఒక కన్ను మూసుకుని రెండో కంటితో తలుపు అంచు చూడండి, తర్వాత కన్ను మార్చి చూడండి. వంకరగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. రంగు సూది వేయాలంటే మీకున్న అలర్జీలు, ఉబ్బసం, కిడ్నీ, లివరు జబ్బులు ముందే చెప్పండి. ఏ రంగు, ఎటునుంచి బయటికి పోతుంది, ఇంటికెళ్లాక ఏం మారుతుంది అని వాళ్లనూ అడగండి.