కొత్త గొంతు

తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న మా పెద్దవాడు పోయిన నెల ఏలూరు వచ్చాడు. రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మెల్లగా ఇజాజత్ అడిగాడు.

"అబ్బా, జనవరి 23న బెంగళూరులో లింకిన్ పార్క్ ప్రోగ్రాం ఉంది. దోస్తులంతా వెళ్తున్నారు. నేనూ వెళ్లనా?"

క్యాలెండర్ చూశాను. జుమ్మా రోజు. నేను అడగకముందే, "నమాజ్ చదివే వెళ్తాం. ప్రోగ్రాం సాయంత్రం కదా" అన్నాడు.

"వాళ్ల పాటగాడు చనిపోయాడు కదరా?"

ఆ సంగతి నాకు తెలుసు. 2017 జులైలో ఆ ఖబర్‌ని తర్జుమా చేసింది నేనే. చెస్టర్ బెన్నింగ్టన్, నలభై ఒక్క ఏళ్లు, ఖుద్‌కుషీ. ఎడిషన్ టైమ్ దాటిపోతోందని నాలుగు పేరాలు రాసి పంపేశాను.

"ఇప్పుడు ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఒకామె పాడుతోంది అబ్బా."

"పోయినవాడి పాటలు ఆమె ఎలా పాడుతుంది?"

గట్టిగానే అన్నాను. వాడు బిత్తరపోయాడు. అంత గుస్సా ఎందుకొచ్చిందో నాకూ వెంటనే అర్థం కాలేదు. పడుకున్నాక అర్థమైంది.

అబ్బాజాన్ ఏలూరులో బ్యాండ్ పార్టీ నడిపేవారు. ఆయనది క్లారినెట్. పాట మా భాయీజాన్‌ది. పెళ్లిళ్లకి, ఉర్సులకి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి కూడా వెళ్లేవాళ్లు. లంక గ్రామాలకి రోడ్డు సరిగా లేని రోజులవి. డ్రమ్ములు, యాంప్లిఫయర్, పెట్రోమాక్స్ లైట్లు పడవలోకి ఎక్కించి, తడవకుండా పైన పట్టా కప్పేవాళ్లు. భాయీజాన్ పడవలోనే గొంతు సవరించుకునేవాడు. రఫీ పాటా పాడేవాడు, ఘంటసాల పాటా పాడేవాడు. గట్టు మీద జనం "ఏలూరు సాయిబులొచ్చారు" అని ఎదురొచ్చేవాళ్లు.

1996లో కామెర్లతో భాయీజాన్ ఇంతెఖాల్ అయ్యాడు. ఇరవై మూడేళ్లు. నేను తొమ్మిదో తరగతి.

అప్పటికే రెండు పెళ్లిళ్లకి బయానా తీసుకుని ఉన్నారు. చహెల్లుం అయిన వారానికి అబ్బాజాన్ గూడెం వెళ్లి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. బంధుత్వం లేదు, ఖాందాన్ లేదు. గొంతు మాత్రం ఉంది. వాణ్ణి భాయీజాన్ మైకు ముందు నిలబెట్టారు. నేను కళ్లు తిప్పుకున్నాను.

మొదటి పెళ్లి కైకలూరు వైపు ఒక ఊళ్లో. రెండో పాటకే జనంలోంచి ఎవరో "పాతాయన ఏడీ?" అని కేకేశారు. కుర్రాడి గొంతు ఆగిపోయింది. యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్న నాకు ఖుషీ అయింది. అల్లా మాఫ్ చేయాలి, నిజంగానే ఖుషీ అయింది. అబ్బాజాన్ మాత్రం ఆ పాటని ఆగిన చోటు నుంచి క్లారినెట్ మీద ఎత్తుకుని చివరిదాకా వాయించారు. తర్వాత పాటకి కుర్రాడికి సైగ చేశారు. వాడు పాడాడు.

ఆ పార్టీ ఇంకో తొమ్మిదేళ్లు నడిచిందంటే ఆ కుర్రాడి వల్లే. నా డిగ్రీ ఫీజు కట్టింది ఆ పాటల మీద వచ్చిన డబ్బే. తెలుగు చదివి, నౌకరీ తెచ్చుకుని, అందరికీ నీతులు రాసే ఈ చేత్తో నేను అతనికి ఒక్కసారి కూడా సరిగ్గా సలాం చేయలేదు. ప్రతి ఈద్‌కి వచ్చేవాడు. అమ్మీ షీర్ ఖుర్మా ఇచ్చేది. నేను చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

పొద్దున్న లేచి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ బ్యాండ్ కథ చెప్పమన్నాను. చెస్టర్ పోయాక ఏడేళ్లు కొత్త ప్రోగ్రాం లేదట. 2024 సెప్టెంబరులో ఎమిలీ పేరు చెప్పి, ఆ నెలలోనే లాస్ ఏంజిలిస్‌తో మొదలుపెట్టి న్యూయార్క్, హాంబర్గ్, లండన్, సియోల్ తిరిగారట. నవంబరులో 'ఫ్రమ్ జీరో' అనే ఆల్బం తెచ్చారు. బ్యాండ్ మొట్టమొదటి పేరు 'జీరో' అట, అందుకని ఆ పేరు. ఆమెని ఒప్పుకోని అభిమానులు చాలామందే ఉన్నారని కూడా చెప్పాడు.

"ఏసీ డీసీ వాళ్లకీ ఇంతే అబ్బా. 1980 ఫిబ్రవరిలో బాన్ స్కాట్ పోయాడు. జులైకల్లా బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చింది. గమ్‌కి నిషానీగా అట్టంతా నలుపే."

నాకు ఖవ్వాలీ గుర్తొచ్చింది. 1964లో ఉస్తాద్ ఫతే అలీ ఖాన్ పోతే, ఆయన చహెల్లుంలోనే కొడుకు నుస్రత్ పాడాడు. 1997 ఆగస్టులో నుస్రత్ లండన్‌లో కన్నుమూశాక తమ్ముడి కొడుకు రాహత్ ఆ పాటల్ని మోశాడు. వాళ్లని "నువ్వెవరు పాడటానికి" అని ఎవరూ అడగలేదు. రక్తసంబంధం ఉంది కదా, విరాసత్ అన్నారు. మరి మార్కెట్లోంచి వచ్చినవాడికి ఏ విరాసత్ ఉంటుంది? వాడు ప్రతి రాత్రీ ఒక మయ్యిత్‌తో పోటీ పడాలి. మయ్యిత్ ఎన్నడూ అపస్వరం పాడదు.

సంగీతం జాయిజా, నాజాయిజా అన్న బహస్ ఇక్కడ పెట్టను. ఆ మాట చెప్పగల ఆలిములు ఉన్నారు. నేను చెప్పేది పోయినవాళ్ల చోటు గురించి. పాత ముఅజ్జిన్ సాబ్ పోయి కొత్తాయన అజాన్ ఇస్తే మొదటి వారం మనకి కొరతగానే ఉంటుంది. అయినా నమాజ్‌కి లేస్తాం. పిలుపు ఆయన సొంతం కాదు, అమానత్. పాట కూడా అంతేనేమో. భాయీజాన్ దాన్ని వదిలి వెళ్లాడు, ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఎత్తుకున్నవాణ్ణి నేను దొంగలా చూశాను.

మావాడికి టికెట్ డబ్బులిచ్చాను. తర్వాత పాత డైరీ వెతికి గూడెం నంబరు తీశాను. మోగుతుందనుకోలేదు. ఎత్తాడు.

పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. "బాగున్నారా భాయ్? చానా ఏళ్లయింది" అన్నాడు. ఇప్పుడు పాడటం లేదట. మార్కెట్ దగ్గరే చిన్న దుకాణమట. మాఫీ అడగాలని నోటి దాకా వచ్చింది. ఈలోగా అతనే అడిగాడు.

"అమ్మీ ఎలా ఉంది భాయ్?"

అమ్మీ పోయి రెండేళ్లయింది. జనాజాకి ఊరూవాడా ఫోన్లు చేశాను. ఆమె చేతి షీర్ ఖుర్మా ప్రతి ఈద్‌కీ తిన్న మనిషికి మాత్రం చెప్పలేదు.

ఫోన్‌లో చెప్పలేకపోయాను. "ఆదివారం నేనే గూడెం వస్తున్నాను, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను.

"రండి భాయ్, భోజనం ఇక్కడే" అన్నాడు.