ఎనిమిది గంటలకు తెగిపోయే ఫోను

మీ ఫోను పైభాగాన విసనకర్ర ఆకారంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది, గమనించారా? అది నిండుగా ఉన్నంతసేపూ దాని సంగతి ఎవరికీ పట్టదు. ఒక్కో గీతా తగ్గి, చివరికి మాయమైందనుకోండి, అప్పుడు మొదలవుతుంది ఇంట్లో రభస. "నువ్వేదో నొక్కావ్" అని ఒకరు, "ఫోను పాతబడిపోయింది" అని ఇంకొకరు, "నెట్ వాడికి డబ్బు కట్టారా అసలు?" అని మరొకరు. మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తాం? ప్లగ్గు చూస్తాం, స్విచ్చి చూస్తాం, జారు మార్చి చూస్తాం. అదే వైఫై తెగిపోతే మగవాళ్ళు నేరుగా కొత్త ఫోను దగ్గరికి వెళ్ళిపోతారేమిటో!

మా ఇంట్లో ఈ గొడవంతా మా అత్తగారి కోసం. ఆవిడకి 78 ఏళ్ళు. చెవులు బాగా మందగించాయి. మిషను పెట్టించాం గానీ గుయ్యిమంటోందని తీసి డబ్బాలో పెట్టేస్తారు. ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. మా పెద్ద ఆడపడుచు భిలాయ్‌లో ఉంటారు. అన్నయ్యగారు అక్కడి స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. 1990ల్లో, వదిన కాపురానికి వెళ్ళిన కొత్తల్లో, రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గే వేళ చూసుకుని ఎస్‌టీడీ బూతుకు వెళ్ళి, ఒక కన్ను ఎర్రంకెల మీటరు మీదే ఉంచి మాట్లాడుకునేవారట తల్లీ కూతుళ్ళు. ఇప్పుడు మీటరు భయం లేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాలు. చెవులతో పనిలేదు, కూతురి ముఖం కనిపిస్తే చాలు ఆవిడకి.

అలాంటిది రెండు నెలలపాటు ఆ కాలు రోజూ మధ్యలో తెగిపోవడం మొదలైంది. వదిన ముఖం కదలకుండా నిలిచిపోయేది, తరువాత తెర నల్లబడేది. వైఫై తెగిందని నేను గట్టిగా అరిచి చెప్పినా అత్తగారికి వినపడదు, వినపడినా నమ్మరు. "నా చాదస్తం భరించలేక పెట్టేస్తోంది" అనేవారు. మూడోవారం వచ్చేసరికి ఎనిమిదింటికి ఫోను మోగితే, "దాన్ని ఇబ్బంది పెట్టకండర్రా, నేను పడుకున్నానని చెప్పండి" అని గోడవైపు తిరిగిపోయారు. ఆ రాత్రి మజ్జిగన్నం కూడా ముట్టలేదు. చివరికి ఒక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో "వదిన పెట్టెయ్యలేదు, దారిలో తెగింది" అని రాసి చూపించాల్సి వచ్చింది. చదివి, కాగితం దిండు కింద పెట్టుకున్నారు తప్ప ఏమీ అనలేదు.

మావారు ఫోనును మా సెంటర్లో బాగుచేసే అతనికి చూపించారు. అతను మూతైనా తియ్యకుండానే "బోర్డు పోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. 16 వేలట. ఆ డబ్బు ఇంట్లో ఉంది, లేక కాదు. కానీ అది అత్తగారికి గుయ్యిమనని మంచి చెవి మిషను కొందామని దాస్తున్న డబ్బు. మూడేళ్ళ ఫోను, హాల్లో భేషుగ్గా పనిచేస్తున్న ఫోను, వెనక గదిలోకి వెళ్ళగానే బోర్డు పోతుందా? పదిరోజులు గడువివ్వమని మావారిని అడిగాను.

చెప్పొచ్చేదేమిటంటే, ముందుగా చెయ్యాల్సింది ఫోను విప్పడం కాదు, లెక్క రాయడం. మా వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరుంది. ఫోను తెగినప్పుడల్లా అందులోనే టైమూ, ఏ గదిలోనో రాశాను. వారంలో 9 సార్లు తెగింది. తొమ్మిదీ వెనక గదిలోనే. అందులో 7 సార్లు ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య. బోర్డు పోయిన ఫోనుకి గడియారం చూడటం కూడా వచ్చా?

ఇక తప్పు ఎవరిదో తేల్చాలి. ఇందులో ముగ్గురున్నారు: మన చేతిలో ఫోను, గోడకున్న వైఫై డబ్బా, వీధిలోంచి ఆ డబ్బాకు వచ్చే లైను. నెట్ ఆగినప్పుడు విసనకర్ర గుర్తు నిండుగా ఉండి పని మాత్రం జరగకపోతే, దోషం చాలావరకు లైనుది. ఫైబరు కనెక్షను ఉన్నవారు డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అన్న దీపం ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలిగితే వీధి నుంచి వెలుతురు అందట్లేదన్నమాట, ఫోనుని ఎన్ని తిప్పలు పెట్టినా లాభం లేదు, నెట్ వాళ్ళకి చెప్పాల్సిందే. ఆ తీగ లోపల ఉండేది గాజు. బీరువా కింద నలిగినా, తలుపు సందులో మడత పడినా ఊరుకోదు. అలా కాకుండా గుర్తే మాయమవుతుంటే, గొడవ ఫోనుకీ డబ్బాకీ మధ్య. మాకు గుర్తే పోయేది.

అప్పుడు మావారి ఫోను కూడా తీసుకుని, రెండింటినీ అత్తగారి గదిలో పక్కపక్కనే పెట్టాను. ఆయనదీ ఒక్క గీత మీద వేలాడుతోంది. నాది ఆ ఒక్కటీ వదిలేస్తోంది. రెండూ హాల్లోకి తీసుకెళ్తే నిండు గీతలు. అంటే జబ్బు గదిదే, ఫోను కాస్త అర్భకం, అంతే.

ఆ గదిలో ఏముందంటారా? వైఫై అంటే రేడియో తరంగాలే. మనం చిన్నప్పుడు విన్న మీడియం వేవ్ రేడియో తరంగాల పొడవు వందల మీటర్లుంటే, వైఫై తరంగం పొడవు బెత్తెడంత. 2.4 గిగాహెర్ట్‌జ్ రకం సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్‌జ్ రకం సుమారు 6 సెంటీమీటర్లు. ఇటుక గోడ వాటిని బలహీనపరుస్తుంది. ఇనుమూ, అద్దం వెనక పూతా వెనక్కి తిప్పికొడతాయి. నీళ్ళు పీల్చేసుకుంటాయి. మా డబ్బా హాల్లో టీవీ వెనకాల దాగి ఉండేది. అక్కడి నుంచి తరంగం వంటింటి గోడలు రెండూ దాటి, ఇనప బీరువానీ దాని నిలువుటద్దాన్నీ దాటి అత్తగారి మంచం దగ్గరికి రావాలి. అంతా దాటి వచ్చాక అక్కడ ఏముంది? ఆవిడ ఫోను నిలబడటానికి దాన్ని నీళ్ళు నింపిన మరచెంబుకి ఆనించి పెట్టుకునేవారు! లోహానికి లోహం, నీళ్ళకి నీళ్ళు. బీరువా కదిలించడం నా తరం కాదు గానీ, మరచెంబు కదిలించాను. దాని బదులు చెక్క వ్యాసపీఠం పెట్టాను. ఒక గీత పెరిగింది, నమ్మండి. ఫోను కవరులో ఇనప రేకు, అయస్కాంతం ఉంటే అదీ ఒకసారి తీసి చూడండి.

మిగిలింది ఎనిమిది గంటల రహస్యం. అది నాకు వంట చేస్తుండగా తట్టింది. ఎనిమిదింటికి మా ఇంట్లో జరిగే పని మరేమిటి? మావారు భోజనానికి కూర్చుంటారు, కూరలు ఓవెన్‌లో వేడిచేస్తాం. మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలు 2.45 గిగాహెర్ట్‌జ్. అంటే ఆ రెండు వైఫై రకాల్లో మొదటిదానికి అక్కాచెల్లెళ్ళలాంటివి. ఓవెన్ తలుపుకి చిల్లుల రేకు ఉంటుందే, ఆ చిల్లులు 12 సెంటీమీటర్ల తరంగానికి మరీ చిన్నవి కాబట్టి అది లోపలే ఉండిపోతుంది. అయినా ఎక్కడో కాస్త బయటికి వస్తుంది. మనకి హాని చేసేంత కాదు లెండి, కానీ నీరసంగా వస్తున్న వైఫైని చెదరగొట్టడానికి అది చాలు. పరీక్ష చేద్దామని మధ్యాహ్నం మూడింటికి, మా అబ్బాయిని హాస్టల్ నుంచి వీడియో కాలు చెయ్యమని, ఓవెన్‌లో గ్లాసుడు నీళ్ళు రెండు నిమిషాలు పెట్టాను. వాడి ముఖం నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. ఓవెన్ ఆగగానే "అమ్మా, ఏమైంది?" అన్నాడు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఆ సాయంత్రం నుంచి కూరలు ఏడున్నరకే పొయ్యి మీద వేడిచేస్తున్నాను. పొయ్యి మీద వేడి చేసిన కూర రుచే వేరని మావారు రెండోరోజున కనిపెట్టారు. కారణం నేను చెప్పలేదు.

తరువాత నెట్ కుర్రాణ్ణి పిలిపించాను. డబ్బాని టీవీ వెనక నుంచి తీయించి, నడవలో తల కంటే ఎత్తుగా ఉన్న గూట్లో పెట్టించాను. డబ్బా ఇంటి మధ్యలో, ఎత్తులో, ఖాళీగా ఉండాలి. అందంగా లేదని అలమరలో పెట్టి తలుపు వేసేవాళ్ళున్నారు. దానికి గాలాడక వేడెక్కి, దానంతటదే ఆగి లేస్తుంది కూడా. ఆ కుర్రాడితోనే ఇంకో పని చేయించాను. ఈ డబ్బాలు రెండు రకాల తరంగాలనీ ఒకే పేరుతో ఇస్తాయి. 5 రకం వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 నెమ్మది, కానీ దూరం వెళ్తుంది. హాల్లో ఫోను 5ని పట్టుకుంటుంది. వెనక గదిలోకి తీసుకెళ్ళినా దాన్నే పట్టుకుని వేలాడి, ఇక కుదరదన్నప్పుడు 2.4 మీదికి దూకుతుంది. దూకిన ఆ క్షణం కాలు తెగుతుంది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టించి, అత్తగారి గదిలో వాడే ఫోనుకి 2.4 ఒక్కటే నేర్పాను. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు మరొకటి అడగండి. 2.4 లో ఒకదాన్నొకటి తొక్కుకోని దారులు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. అందరి డబ్బాలూ ఒకే దారిలో పడితే సంతలాగే ఉంటుంది. ఖాళీగా ఉన్న దారికి మార్చమంటే రెండు నిమిషాల పని.

ఇక ఫోను లోపలి సంగతులు. వైఫై పేరు మీద నొక్కి "మరచిపో" అని ఇచ్చి, మళ్ళీ పాస్‌వర్డు కొట్టి కలపండి. సగం రోగాలు దీంతోనే పోతాయి. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు వేసి ఉంటే, కొన్ని ఫోన్లు తెర ఆరగానే వైఫైని కూడా పడుకోబెడతాయి, అది తీసెయ్యండి. వైఫై కాస్త బలహీనపడగానే సిమ్ నెట్‌లోకి దూకే ఏర్పాటు కూడా ఉంటుంది. మా వెనక గదిలో సిమ్ సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని అదీ ఆపాను. వీడియో కాలుకి అడ్డుపడే వీపీఎన్ లాంటివి పిల్లలు ఏమైనా వేసి వెళ్ళారేమో చూడండి. ఇవేవీ పనిచెయ్యకపోతే నెట్‌వర్కు సెట్టింగులు మాత్రమే మొదటికి తెచ్చే మార్గం ఉంది. దాంతో ఫోటోలు పోవు, దాచిన వైఫై పాస్‌వర్డులూ బ్లూటూత్ జతలూ పోతాయి. ముందుగా పాస్‌వర్డు కాగితం మీద రాసుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ అనేది వేరు సుమండీ, అది ఇల్లంతా ఊడ్చేస్తుంది. ఎవరైనా తొందరపెడుతున్నా సరే, ఫోటోలు వేరేచోట దాచకుండా దాని జోలికి వెళ్ళకండి. "మీ వైఫై బాగుచేస్తాం, ఒక యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని తెలియనివాళ్ళు ఫోను చేస్తే పెట్టెయ్యండి. మొహమాటపడక్కర్లేదు.

అన్నీ చేశాక క్యాలెండరు మళ్ళీ రాశాను. వారంలో రెండుసార్లు తెగింది, రెండూ కరెంటు పోయినప్పుడే. ఇన్వర్టరు అందుకునేలోపు డబ్బా ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ లేచి కుదుటపడటానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. దానికి వేరే చిన్న బ్యాటరీ దొరుకుతుందట, మీ డబ్బా వెనక ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి అదే తెచ్చుకోవాలి. అది వచ్చే నెల చూద్దామన్నారు మావారు. 16 వేలూ అలాగే ఉన్నాయి, సంక్రాంతి లోపల మిషను కొలతకి అత్తగారిని తీసుకెళ్ళాలి.

అంతవరకు మేం చేసుకున్న ఒప్పందం ఒకటుంది. కాలు తెగితే తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి చేసుకోవడం, ఇద్దరికీ "బిజీ" రావడం, మళ్ళీ అపోహలు. అందుకని వదిన చెయ్యకూడదు, మేమే చేస్తాం, మూడు నిమిషాలు ఆగి. నిన్న కూడా కరెంటు పోయింది. తెర నల్లబడింది. నేను వంటింట్లోంచి పరుగున వెళ్ళేసరికి అత్తగారు వ్యాసపీఠం ముందు కూర్చుని, చెయ్యి ఎత్తి నన్ను వారిస్తున్నారు. "కంగారుపడకు, డబ్బా కునుకు తీస్తోంది. లేవనీ" అన్నారు.