నాలుగు వంతులు

సావనీర్‌కి ఏదైనా రాయమని ఎడిటర్ గారు వెంటపడితే, సైన్సు విద్యార్థిని కనుక ముందు చంద్రుడి మీద రాద్దామనుకున్నాను. చివరికి మా బావి దగ్గర మొదలుపెడుతున్నాను.

మా చేలో ఉన్న బావికి నాలుగు వంతులు. తవ్వించినప్పుడు తాతయ్య పెట్టుబడే ఎక్కువట. అయినా నాలుగు కుటుంబాలకీ నీళ్లు సమానమే, రోజుకొకరి వంతు. "మన చేలో బావికి మనకి రెండు వంతులెందుకు రావు నాన్నా?" అని చిన్నప్పుడు అడిగాను. "పూడిక తీసేటప్పుడు నలుగురూ దిగాలి కదరా" అన్నాడు. ఆ మాట నాకు కిందటేడు గానీ అర్థం కాలేదు, అదీ పాటల మూలంగా.

మా హాస్టల్ బృందంలోనూ నలుగురమే. గిటారు, కీబోర్డు, డోలక్, పాడటానికి నేను. పరీక్షల ముందు రాత్రులు పక్క గదులవాళ్లు మాకు పెట్టిన దీవెనలు ఇక్కడ రాయదగినవి కావు.

మాకు ఆదర్శం ఆర్.ఇ.ఎమ్. అనే అమెరికన్ బృందం. వాళ్లదీ కాలేజీ ఊరే, జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్. 1980 ఏప్రిల్ 5న ఒక పాడుబడిన చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో మొదటి కచేరీ చేశారు. మరుసటేడు మిచ్ ఈస్టర్ అనే ఆయన తన తల్లిదండ్రుల గ్యారేజీలో నడిపే స్టూడియోలో 'రేడియో ఫ్రీ యూరప్' పాట రికార్డు చేశారు. హిబ్-టోన్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. పాట పత్రికల కంటపడింది. పెద్ద సంస్థ ఆర్.సి.ఎ. పిలిచినా, 1982లో అంతకన్నా చిన్నదైన ఐ.ఆర్.ఎస్.తోనే ఒప్పందం చేసుకున్నారు. ఆ కంపెనీ మొదట వేరే నిర్మాతతో ప్రయత్నించింది. వాయించిందే మళ్లీ మళ్లీ వాయించమనే ఆ పద్ధతి వీళ్లకి పడలేదు. పాత గ్యారేజీ ఈస్టరే కావాలని అడిగి, ఆయనతోనూ డాన్ డిక్సన్‌తోనూ ఆల్బమ్ పూర్తిచేశారు. అదే 1983లో వచ్చిన 'మర్మర్'. అమ్మకాల పట్టికలో 36వ స్థానం దాటలేదు. కానీ 'రోలింగ్ స్టోన్' పత్రిక విమర్శకులు దాన్ని ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచారు, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ని కూడా కాదని!

కిందటేడు మాకూ ఒక కబురొచ్చింది. వార్షికోత్సవంలో మేం పాడిన పాట ఫోన్లలో తిరిగి తిరిగి, పాటల చానల్ నడిపే ఒకాయనకి చేరింది. "పాట తీసుకుంటాం. రచన, సంగీతం అన్నచోట ఒక్క పేరు చాలు" అన్నాడు. మాటలు నావి, వరస నాది. నా పేరు రాసేశాను. డోలక్ వాడు కాగితం చదివి ఏమీ అనలేదు. మర్నాటినుంచి సాధనకి రాలేదు. వాడు లేకపోతే మా కొత్త పాట ఒక్కటీ నిలబడలేదు. జనం చప్పట్లు కొట్టింది నా మాటలకి కాదనీ, వాడి నడకకనీ అప్పుడు తెలిసింది.

ఆ దిగులులో ఒకరాత్రి 'మర్మర్' పాటల వివరాలు చూస్తున్నాను. ప్రతి పాట కిందా ఆ నాలుగు పేర్లూ ఉన్నాయి: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. అదీ అక్షరక్రమంలో! పాడే స్టైప్ పేరు ఆఖర్న. డ్రమ్ములు వాయించే బెర్రీ పేరు మొదట. ఎవరు ఎంత చేశారన్న లెక్కే లేదు. 1997లో బెర్రీ తప్పుకునేదాకా ఆ నలుగురే. మిగిలిన ముగ్గురూ 2011లో బృందాన్ని ముగించారు. పదిహేడేళ్ల సావాసం వాళ్లది. మాది పదిహేడు నెలలైనా నిండలేదు. నాకు సిగ్గేసింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మా బావి పూడిక తీశారు. నాలుగిళ్లవాళ్లూ దిగారు. పైన నిలబడి మట్టితట్టలు అందుకుంటుంటే నాన్న మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే డోలక్ వాడికి ఫోన్ చేసి, తప్పు నాదేనన్నాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. చివరికి "చూద్దాంలేరా" అన్నాడు.

నాలుగు పేర్లతో మళ్లీ కాగితం రాసి పంపాం. చానల్ ఆయన దగ్గర్నుంచి ఇంతవరకూ జవాబు లేదు. డోలక్ మాత్రం గదికి తిరిగొచ్చింది. పక్క గదుల మిత్రులు మన్నించాలి.