మునేటి ఒడ్డున తొలి సీతాకోకచిలుక

మాఘం గడచి ఫాల్గుణం ప్రవేశించే నాటికి పెనుగంచిప్రోలు చెంత మునేరు సన్నగిల్లి, ఇసుకతిన్నెలు బయటపడతాయి. ఏటా తొలి సీతాకోకచిలుక కనబడిన వార్తను ఒడ్డు నుండి ఇంటికి తెచ్చేది మా నానీ. ఆమె దానిని ‘తిత్లీ’ అంటుంది. ఈ ఏడు కన్నులకు శుక్లాలు కమ్మి ఆమె గడప దాటలేదు. ఆ పని నాకు సంక్రమించింది.

మామూ వద్ద కెమెరా అడిగి తెచ్చుకొని మూడు ఉదయాలు తిరిగాను. మొదటి రెండు దినాలూ సూర్యోదయానికి ముందే వెళ్ళడం నా అజ్ఞానం. ఎండకు ఒళ్ళు వేడెక్కితే గాని సీతాకోకచిలుక ఎగురలేదట! మూడవనాడు ఎనిమిది దాటిన పిమ్మట, జిల్లేటి ఆకుపై రెక్కలు పరచి కూర్చున్నది: నారింజ వన్నె, నల్లని కొసలు, వాటిలో తెల్లని చుక్కలు. 1758లో లిన్నేయస్ వర్ణించిన జాతి ఇది. గొంగళిగా ఉన్నప్పుడే జిల్లేటి పాలలోని విషాన్ని ఒంట పట్టించుకుంటుంది. ఆ చేదు ఎరిగిన పక్షులు మరల ముట్టవు. అందుకే కాబోలు, దాని గమనంలో తొందర కనబడదు. అయినను నా చేయి వణికింది. నాలుగు చిత్రాలలో మూడింట ఆకు మాత్రమే మిగిలింది.

నాలుగవదానిని జగ్గయ్యపేటలో పెద్దది చేయించి నానీకి ఇచ్చాను. కంటికి ఆనించుకొని చాలాసేపు చూచింది.

“రంగు తెలుస్తోంది బేటా, రెక్కలే తెలియడం లేదు” అన్నది.

మరునాడు నా భుజం పట్టుకొని ఆమే ఏటి ఒడ్డుకు వచ్చింది. ఎండ ఎక్కేవరకు ఇద్దరం జిల్లేటి పొద ప్రక్కన ఇసుకలో కూర్చున్నాం.